గోడకి ఇవతలి ఈగలు

ఈగలమ్మకి కోపం వస్తే ఆమెకంటే ముందు ఆమె చేతిలోని వస్తువులు మాట్లాడతాయి. ఆ రోజు ల్యాబ్‌లో స్టీలు ట్రేలు ఒకదానిమీద ఒకటి పడి ఒకటే మోత. పక్కగది క్లర్కు తలుపు తీసి చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ మూసేశాడు. తెలివైనవాడు.

ఈగలమ్మ అన్న పేరు పెట్టింది ఆమె అక్క మొగుడు. ఇసుక ఈగల్ని పట్టి, అవి ఏ వైరస్ మోస్తున్నాయో చూసే ఉద్యోగం ఆమెది. పొద్దు వాలుతుండగా పగుళ్ళిచ్చిన గోడల దగ్గర బుల్లి బల్బు, ఫ్యాను, వలసంచి ఉన్న బోన్లు వేలాడదీయాలి. తెల్లారాక సంచులు విప్పి, ఆడ ఈగల్ని ఏరి, గొట్టంలో వేసి నూరి, పరీక్షకి పెట్టాలి. ఈగంటే మిఠాయి మీద వాలేది కాదు. దోమలో మూడోవంతు ఉంటుంది, దోమతెర కన్నాల్లోంచి దర్జాగా దూరిపోతుంది. ఎగరడం కూడా సరిగ్గా రాదు దాని మొహానికి, నేలని అంటిపెట్టుకుని గెంతుతూ పోతుంది. అయితేనేం, దాని ఒంట్లో వైరస్ ఉండి పిల్లల్ని కుట్టిందా, పొద్దున జ్వరం, సాయంత్రానికి ఫిట్స్. మర్నాటి సంగతి డాక్టర్లు కూడా హామీ ఇవ్వరు.

ఊరి చివర ఒక గోడ ఉంది. గోడకి అవతల రేకుల ఇళ్ళు, కూలి జనం. ఇవతల కొత్త ఫ్లాట్లు. నాలుగో అంతస్తులో ఆమె అక్కావాళ్ళు ఉంటారు. బావ ఆ ఫ్లాట్ల సంఘానికి ప్రెసిడెంటు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు, బయట పాలరాతి మెట్లు, కింద సెల్లార్‌లో పగిలిన డ్రైనేజీ పైపు. దాని చెమ్మకి సెల్లార్ గోడంతా ఉబ్బి పెచ్చులూడింది. ఆ గోడని ఆనుకుని వాచ్‌మన్ గది. అందులో వాచ్‌మన్, వాడి భార్య, ఇంకా బడికి పోని ఒక ఆడపిల్ల.

పోయిన వారం ఈగలమ్మ గోడకి రెండు వైపులా బోన్లు పెట్టింది. రేకుల ఇళ్ళ దగ్గర ఈగలు పడ్డాయి. సెల్లార్‌లోనూ పడ్డాయి. పరీక్ష కిట్లు తక్కువగా ఉన్నాయి. ల్యాబ్ పెద్దాయన, "ఒకే గోడకి అటూ ఇటూ కదమ్మా, కలిపి నూరేయ్. కిట్లేమైనా చెట్లకి కాస్తున్నాయా?" అన్నాడు. ఆమె కలిపి నూరేసింది. ఎప్పుడూ ఏమీ దొరకని గొట్టాలే కదా అనుకుంది. ఈసారి పాజిటివ్ వచ్చింది.

ఆ వైరస్ ఎటువైపు ఈగది? గొట్టం చెప్పదు. నూరిన పిండిలో ఏ గింజ ఏ చేనుదో ఎవరు చెప్పగలరు? కానీ పెద్దాయన చెప్పేశాడు. నగరపాలక ఆఫీసుకి పంపే ప్రకటనలో రేకుల ఇళ్ళ పేరు మాత్రమే రాయించాడు. ట్రేలు మోగింది అందుకే.

"సార్, సగం ఈగలు సెల్లార్‌వి. రెండు పేర్లూ రాయాలి. రెండు వైపులా మందు కొట్టాలి, రెండు వైపులా పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పాలి."

"ఫ్లాట్ల పేరు రాస్తే సాయంత్రానికి పైనుంచి నాకు పది ఫోన్లు. రేకుల వాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారమ్మా?"

"అంటే ఫోన్ చేసేవాళ్ళ ఇంట్లో ఈగ కుట్టదా సార్?"

"మళ్ళీ పట్టుకురా. ఈసారి విడివిడిగా పరీక్ష చేద్దాం. సెల్లార్‌వి పాజిటివ్ వస్తే అప్పుడు చూద్దాం," అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంత నిదానం ఆమె ఒళ్ళు మండించింది.

ఆ సాయంత్రమే బోన్లు తీసుకుని ఫ్లాట్ల దగ్గరికి పోయింది. గేటు దగ్గరే బావ నిలబడి ఉన్నాడు.

"రావమ్మా ఈగలమ్మా! మళ్ళీ బుట్టలేసుకుని తయారయ్యావా? నాలుగో అంతస్తులో టీ ఉంది, ఈగలు మాత్రం లేవు."

"టీ తర్వాత బావా. సెల్లార్‌లో బోన్లు పెట్టాలి. పోయిన వారం గొట్టంలో వైరస్ తేలింది."

బావ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె భుజం పట్టుకుని పక్కకి తీసుకుపోయాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ. ఎవరైనా వింటే కొంప మునుగుతుంది. మీ పెద్దాయనతో మాట్లాడాను. అది రేకుల వాళ్ళదే అన్నాడు."

"ఆయనకి ఏ ఈగ వచ్చి చెప్పిందట? కలిపి నూరింది నేను బావా!"

"చూడు, సంఘం తీర్మానం చేసింది. బయటివాళ్ళెవరూ సెల్లార్‌లో ఏమీ పెట్టకూడదు."

"నేను బయటిదాన్నా? పోయిన పుట్టినరోజుకి మీ అమ్మాయికి కేకు కోసిపెట్టింది ఎవరు?"

"మరదలిగా రా, తలమీద పెట్టుకుంటా. బోన్లతో రాకు."

ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పోనీ ఆ పైపైనా బాగు చేయించండి, వాచ్‌మన్ వాళ్ళనైనా ఆ గదిలోంచి మార్చండి అని అడిగింది. గదులెక్కడున్నాయి, వచ్చే మీటింగులో పెడదాంలే అన్నాడు బావ. అతని వెనకాల వాచ్‌మన్ కూతురు మెట్లమీద కూర్చుని పిక్కలు గోక్కుంటోంది. పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు. ఈగలమ్మ గబగబా పోయి చూసింది. ఒళ్ళు వెచ్చగా లేదు, బతికించింది.

"పిల్లకి జ్వరం అనిపిస్తే గంట కూడా ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తు. రాత్రిపూట నిండా బట్టలు తొడుగు. కింద పడుకోబెట్టొద్దు," అని వాచ్‌మన్ భార్యకి చెప్పింది.

"ఉన్నదే ఆ ఒక్క గదమ్మా. కింద కాక ఎక్కడ పడుకోబెట్టను?" అంది ఆ మనిషి. ఈగలమ్మకి అందరికంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ రోజు రెండు గొట్టాల్లో నూరి ఉంటే ఇవాళ ఎవడి నోరూ లేచేది కాదు.

రాత్రికల్లా ఫ్లాట్ల వాళ్ళ ఫోన్లన్నిటికీ బావ పెట్టిన మెసేజీ వచ్చింది. వైరస్ గోడ అవతలిదట, మన ఆవరణ పూర్తిగా సురక్షితమట, పుకార్లు నమ్మొద్దట. అక్క ఫోన్ చేసి చదివి వినిపించింది. ఈగలమ్మ పళ్ళు కొరుక్కుంది. పోనీలే, మూర్ఖుడు, నమ్మలేదు, నమ్మని మనిషిని ఏం చేస్తాం అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క మళ్ళీ ఫోన్ చేసింది. వెనకాల ఎవరో ముసలావిడ దగ్గు వినిపిస్తోంది.

"ఏమే, మేము మా అత్తగారింటికి వచ్చేశాం. కొన్నాళ్ళు ఇక్కడే."

"ఉన్నట్టుండి అక్కడికేంటి? పిల్ల బడి?"

అక్క గొంతు తగ్గించింది. "మీ బావే తెచ్చి దింపాడు. నిన్న రాత్రంతా నిద్రపోలేదు. పిల్ల కింద ఆడుకుంటుంది కదా, దానికేమైనా అయితే అన్నాడు. నువ్వు చెప్పింది నిజమేనంటాడు. ఎవరితోనూ అనకే బాబూ, ఆయన ప్రెసిడెంటు కదా."

ఈగలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నమ్మలేదనుకుంది. మహానుభావుడు నమ్మాడు! ఆ ఫ్లాట్ల మొత్తంలో ఆమె మాట నమ్మింది ఆయనొక్కడే. నమ్మి, మిగతావాళ్ళ పిల్లలందరికీ ఏం భయం లేదని రాసిపెట్టి, తన పిల్లని మాత్రం దాటించుకున్నాడు.

"అక్కా, వాచ్‌మన్ పిల్ల ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో తెలుసా?"

అక్క మాట మార్చి, బాల్కనీలో మొక్కలున్నాయి, వాచ్‌మన్ భార్యకి తాళం ఇచ్చి నీళ్ళు పొయ్యమన్నాను, ఒకసారి చూడవే అంది.

"చూస్తాను. తప్పకుండా చూస్తాను," అని ఈగలమ్మ ఫోన్ పెట్టేసింది.

చీకటి పడ్డాక ఫ్లాట్లకి పోయింది. ఈసారి బోన్లు తీసుకుపోలేదు. సెల్లార్‌లోకి దిగి, వాచ్‌మన్ గదిలో పిల్ల చాప చుట్టింది, రెండు దుప్పట్లు చంకన పెట్టుకుంది. వాచ్‌మన్ భార్య బిత్తరపోయి చూసింది.

"తాళం నీ దగ్గరే కదా? పద పైకి."

"అయ్యో, ప్రెసిడెంటుగారి ఇల్లమ్మా! మా ఉద్యోగం పోతుంది."

"ఎవరడిగినా నేను తీసుకొచ్చానని చెప్పు. మెట్లెక్కి నాలుగో అంతస్తుకి రావడం ఈ ఈగ వల్ల కాదు. అంత ఎత్తున ఉండే ఆయనే భయపడి పోతే, నేలమీద పడుకునే నీ పిల్ల సంగతేంటి? నడువ్."

పైకి పోయి లైట్లన్నీ వేసింది. ఆ వెలుగుకి ఎదురింటావిడ తొంగి చూసింది, హాల్లో వాచ్‌మన్ వాళ్ళున్నారని బావకి చెప్పేసింది. దుప్పట్లు కూడా పరవకముందే ఫోన్ వచ్చింది.

"ఏంటిది? వాచ్‌మన్ వాళ్ళు నా ఇంట్లో ఏంటి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా ఇల్లు దానం చెయ్యడానికి నువ్వెవరు?"

అక్క పెళ్ళినాటి నుంచీ ఆమె బావని మీరు అనే పిలిచింది. ఇప్పుడు నోటికి ఆ మర్యాద రాలేదు.

"సురక్షితమని రాశావుగా బావా. మరి నువ్వెందుకు పారిపోయావు?"

"అరవకు. ముందు వాళ్ళని కిందికి దింపు!"

"నేను దింపను. నువ్వు రా. మీ సంఘం వాళ్ళనందర్నీ ఇక్కడికే పిలు. నీ పిల్లని ఎందుకు తీసుకుపోయావో వాళ్ళ ముందు చెప్పి, ఈ పిల్లని నీ చేత్తో దింపు. లేదంటే ఆ మెసేజీ తప్పని ఇప్పుడే రాయి. రెండిట్లో ఏదైనా సరే, నేను ఇక్కడే కూర్చున్నాను."

బావ తిట్టలేదు, ఫోన్ పెట్టెయ్యలేదు. వాచ్‌మన్ భార్య నిద్రకి జోగుతున్న పిల్లని భుజాన వేసుకుని, హాల్లో ఏ మూల నిలబడాలో తెలియక నిలబడింది.

"ఎక్కడ పడుకోబెట్టనమ్మా?" అంది గుసగుసగా.

ఈగలమ్మ ఫోన్ చెవి దగ్గరే ఉంచి, బావకి వినపడేటట్టు గట్టిగా చెప్పింది.

"వాళ్ళ అమ్మాయి మంచం ఖాళీగానే ఉంది. దాని మీద పడుకోబెట్టు."