గుర్రాలకు పెట్టే గింజలు

ఇంట్లో అందరికంటే పొడగరి అయినా ఆమెను అందరూ బుల్లి అనే పిలిచేవారు. కారు నడపడం నేర్పడం ఆమె ఉద్యోగం. పక్క సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, వణికే చేతులతో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు పొద్దస్తమానం "నెమ్మది, నెమ్మది" అని చెబుతూ ఉండేది. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక మాత్రం ఆ మాట ఆమెకే గుర్తుండేది కాదు.

ఆమె ఆడే ఆట పేరు కొండకోట. దాన్ని ఇద్దరిద్దరు జంటగా ఆడాలి. ఒక్కో జంటకు ఒక ఊరు, ఆ ఊరికి ఒకే గిడ్డంగి. ధాన్యం, కలప, రాయి, ఇనుము, ఏది వాడినా ఇద్దరిదీ తరుగుతుంది. ఏదీ ఎప్పుడూ సరిపడా ఉండదు. ఉన్న కాస్తా దేనికి పెట్టాలో తేల్చుకోవడంలోనే ఆట కిటుకంతా ఉంది.

బుల్లికి జోడీ ఆమె వదిన. కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. సైన్యం బుల్లి చూసుకోవాలని, గిడ్డంగి వదిన చూసుకోవాలని మొదట్లోనే పంచుకున్నారు. ఆ పంపకం మీద రోజూ తగువే.

"నీ గుర్రాలు ఊరంతా కలిసి తినేదానికంటే ఎక్కువ మేస్తున్నాయి," అనేది వదిన.

"తిననీ వదినా. పరిగెత్తేది కూడా అవే కదా."

"పరిగెత్తి ఇవాళ ఏం తెచ్చాయి?"

"రెండు గొర్రెలు."

"ఆ రెండూ తెచ్చేలోపు పది గొర్రెల మేత తిన్నాయి. పెద్ద సంబడం."

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అన్నయ్య అక్కడినుంచే అనేవాడు, "మీ ఇద్దరి చేతుల్లో పడ్డ ఆ ఊరివాళ్లను తలుచుకుంటే నాకు జాలేస్తోంది."

తగువులాడుకుంటూనే ఇద్దరూ బాగా ఆడేవారు. కంప్యూటర్ల దుకాణం పై అంతస్తులో పోటీలు పెట్టినప్పుడు ఒక్కో జంటనూ ఓడించుకుంటూ ఫైనల్ దాకా వచ్చేశారు. ఫైనల్లో ఎదురుపడ్డది కవల అన్నదమ్ములు. ఒకే రంగు చొక్కాలు వేసుకుని, ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తూ తిరిగేవారు. ఎదుటివాళ్లు గోడ లేపేలోపే మొత్తం సైన్యంతో మీద పడిపోవడం వాళ్ల పద్ధతి. అప్పటిదాకా ఎవరూ వాళ్లముందు నిలవలేదు.

"భయంగా ఉందా?" అని అడిగింది వదిన, హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

"నాకెందుకు భయం? రోజూ చావు తప్పించుకుని ఇంటికొస్తున్నాను," అంది బుల్లి.

స్క్రీన్ మీద మ్యాప్ తెరుచుకుంది. వాళ్ల ఊరి చుట్టూ మంచి పొలాలున్నాయి. వెనక రాతి గని ఉంది. అడవి మాత్రం చిన్న పాయలా ఉంది. ఇనుము జాడే లేదు.

"ఇనుము లేదు బుల్లీ."

"చూశాను. లేనిదానికి ఏడిస్తే రాదు. రాయి ఉందిగా, నువ్వు గోడ మొదలుపెట్టు."

వదిన గోడ కట్టించింది. బుల్లి అలవాటు ప్రకారం గుర్రాలను పెంచింది. జూలు తెల్లగా ఉన్న ఒక గుర్రాన్ని ముందుంచి, మిగతావాటిని దాని వెనక నడిపించేది. గోడ నడుము ఎత్తుకు లేచేసరికి కవలల గుర్రపు రౌతులు కొందరు చాటుగా వచ్చి అడవికి నిప్పు పెట్టిపోయారు. కలప దొరికే దారి మూసుకుపోయింది. గిడ్డంగిలో ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలి.

ఆ వెంటనే కాపలా బురుజు మీదినుంచి కబురు వచ్చింది. కవలల సైన్యం మొత్తం బయలుదేరింది.

వదిన గాదె కేసి చూసి లెక్కలు వేసుకుంది. "మనుషులకైతే గింజలు సరిపోతాయి. గుర్రాలకు కూడా పెడితే, వాళ్లు గోడ దగ్గరికొచ్చేసరికి గాదె అడుగు కనబడుతుంది. బయట పంట పండింది కానీ, కోసేందుకు మనుషులు చాలరు."

బుల్లి వస్తున్న సైన్యాన్నే చూస్తోంది. అది మరీ తొందరగా వస్తోంది. ఆ ఆటలో తిండి బండ్లు వెంట ఉంటే ఏ సైన్యమైనా నెమ్మదిగానే కదులుతుంది. బండ్లు లేని సైన్యం ఎదుటివాళ్ల పొలాల మీద పడి తింటుంది.

"వదినా, వీళ్లు ఒట్టి చేతులతో వస్తున్నారు. మన పంట తినడానికే వస్తున్నారు."

"అయితే?"

"పంట ఉండకూడదు. కోసినంత లోపలికి తెచ్చుకుందాం. మిగిలింది మనమే తగలబెడదాం."

"కోసేదెవరు?"

"నా రౌతులు. గుర్రాలను వదిలేస్తే వాళ్లు కూలీలవుతారు."

వదిన మౌస్ వదిలేసి ఆమె కేసి తిరిగింది. "అన్నీనా? కొన్నయినా ఉంచుకో."

"కొన్ని ఉంచితే అవీ తింటాయి. నాకిప్పుడు కొడవలి పట్టే చేతులు కావాలి."

అలా అందే కానీ, బటన్ మీద బుల్లి వేలు కాసేపు ఆగింది. తెల్లజూలు గుర్రం చెరువు గట్టున తల ఊపుతోంది. బొమ్మ గుర్రమని తెలుసు. అయినా దాన్ని పిల్లగా ఉన్నప్పటినుంచి మేపింది. నొక్కేసింది. గుర్రాలన్నీ కొండవైపు వెళ్లిపోయాయి. రౌతులు కొడవళ్లు పట్టుకుని పొలాల్లోకి దిగారు.

కోసినంత కోసి, బండ్లకెత్తి లోపలికి తెచ్చి, మిగిలిన పొలానికి నిప్పు పెట్టారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పంటను సొంతచేతులతో కాల్చుకునేవాళ్లను అక్కడ ఎవరూ చూడలేదు. వెనక వరసలో ఎవరో, "వీళ్లకు మతిపోయింది," అన్నారు. బుల్లి విని చిన్నగా నవ్వుకుంది.

కవలల సైన్యం వచ్చింది. తినడానికి బూడిద తప్ప ఏమీ లేదు. అయినా వాళ్లు తగ్గలేదు. అప్పటికి పూర్తయిన గోడ గుమ్మాన్ని దుంగలతో మోదడం మొదలుపెట్టారు. నిప్పు బాణాలు పడి గాదె కప్పు కాలింది, గుమ్మం తలుపు పగుళ్లిచ్చింది. పైన మబ్బు పట్టింది.

"కలప ఒక్క పనికే వస్తుంది," అంది వదిన. "తలుపు బాగుచేస్తే గాదెకు కప్పుండదు. వానొస్తే గింజలన్నీ తడుస్తాయి."

"గిడ్డంగి నీది. నువ్వే చెప్పు."

వదిన ఒక్క క్షణం తడబడింది. ఏ ఖర్చునైనా ఏదో సాకు చూపి ఆపడమే ఆమెకు అలవాటు. ఇప్పుడు ఆపితే తలుపు పోతుంది. "తలుపుకే పెడుతున్నా. తడిసిన గింజలైనా మనవాళ్లు తింటారు. తలుపు లేకపోతే తినేవాళ్లే ఉండరు."

తలుపు నిలిచింది. వాన కురిసింది. గింజల్లో సగం పాడైపోయాయి. లోపల అందరికీ సగం కడుపే. బయట అదీ లేదు. కవలల సైనికులు ఒక్కొక్కరే చల్లగా జారుకోవడం మొదలైంది. ఆఖరికి మిగిలినవాళ్లు వెనక్కి తిరిగారు.

"పద, వెంటపడదాం," అంది బుల్లి.

"కాలినడకనా?"

"కాలినడకనే. పంట మోసిన బండ్లున్నాయిగా, తిండి వాటిలో వేసి పంపు. నెమ్మదిగానే వెళదాం."

వదిన కళ్లద్దాలు పైకి నెట్టి, ఇది నా మరదలేనా అన్నట్టు చూసింది. బండ్లు నింపింది. దారిలో ఆకలికి కూలబడినవాళ్లను దాటుకుంటూ ఆ చిన్న సైన్యం కవలల ఊరి ముందుకు వెళ్లి నిలబడింది. ఊళ్లో కాపలాకు ఎవరూ లేరు. కవలల్లో పెద్దవాడు హెడ్‌ఫోన్లు తీసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి చేయి చాపాడు.

"మా దగ్గర బండ్లు లేవని మీకెలా తెలిసిందక్కా?" అని అడిగాడు.

"సామాన్లు సర్దుకుని బయలుదేరినవాళ్లు అంత తొందరగా రాలేరు," అంది బుల్లి.

"మేం బండ్లు..." అని తమ్ముడు అందుకున్నాడు.

"...చేయిద్దామనే అనుకున్నాం," అని పెద్దవాడు పూర్తి చేశాడు. "కలప అంతా దుంగలకు పెట్టేశాం."

"ఆదివారం ఖాళీగా ఉంటే రండి, కలిసి ఆడదాం," అంది వదిన. "మాకూ మీ దగ్గర నేర్చుకునేవి ఉన్నాయి."

మెట్లు దిగుతుండగా డ్యూటీలో ఉన్న అన్నయ్య ఫోన్ చేశాడు. వదిన స్పీకర్ నొక్కింది.

"ఏమైంది? గెలిచారా, పోట్లాడుకున్నారా?"

"రెండూను," అంది బుల్లి. వదిన చేతిలోంచి గెలుచుకున్న కప్పు లాక్కుని, వీధిలో అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుని నడిచింది.