వెండి రంగు తిరగలి

"అది మామూలు పెయింటు కాదని ఎన్నిసార్లు సెప్పాలి నీకు," అన్నాడు జగ్గారావు భార్యతో. "రైలు పెట్టెలకి కొట్టేది. ఏళ్లు గడిచినా పెచ్చు లేవదు."

"నా ఏడుపూ అదే కదా," అంది హైమవతి.

ఆమె పెరటి కుళాయి దగ్గర కూర్చుని కిరసనాయిలు గుడ్డతో వేళ్లు రుద్దుకుంటోంది. పొద్దున్నే కమ్యూనిటీ హాలుకి వెళ్లి తిరగలిని ముట్టుకుని వచ్చినప్పటి నుంచి ఇదే పని. వేలి మీద వెండి మరక పోవడం లేదు. వాసన అంతకన్నా పోవడం లేదు. అదే చేత్తో టీ గ్లాసు నోటి దాకా ఎత్తి దించేసింది. టీ పారబోసింది.

"రాయికి రంగేస్తే ఏటైపోద్ది? తుప్పు పట్టకుండా ముందు రెడ్ ఆక్సైడ్ కూడా పూసినాను."

"రాయికి తుప్పేటి బావా?"

బట్టలు ఆరేస్తున్న కోడలు రాధారాణి నవ్వు దాచుకోడానికి గబుక్కున దుప్పటి వెనక్కి జరిగింది. దుప్పటి కాసేపు ఊగింది.

జగ్గారావు ఉడుక్కున్నాడు. ఉద్యోగమంతా రైల్వే వర్క్‌షాపులో పెయింటు పని చేసి రిటైరైన మనిషి. ప్రైమరు లేకుండా దేనికీ రంగు వేసి ఎరగడు. క్వార్టరు ఇప్పుడు కొడుకు పేరు మీద ఉన్నా, అందులో కిటికీ ఊచలు, పూలకుండీలు, తులసికోట, ఆఖరికి సైకిలు పంపు కూడా ఆయన చేతి వెండి రంగులోనే ఉన్నాయి. హైమవతి అవేవీ పట్టించుకోలేదు. అవి తినే వస్తువులు కావు.

"లోపల కూడా పూసినావా?" అని అడిగింది.

"మరి? లోపలొగ్గేసి పైపైన పూస్తే దాన్ని పనంటారా?"

హైమవతి గుడ్డ పిండి తీగ మీద వేసింది.

ఆ తిరగలి ఆమె అత్తగారిది. సొంతూరు తామరవలస నుంచి రైల్లో, గార్డు పెట్టెలో గోనెసంచి కప్పుకుని బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చింది. అక్కడి రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వీళ్ల వీధి వీధంతా ఆ ఊరివాళ్లే. మాతా పూజకి, అంటే ఏటా చేసే అమ్మవారి పండక్కి, మూడు రోజుల ముందు ఆడవాళ్లందరూ హైమవతి వరండాలో చేరి, అమ్మవారి చలిమిడికి ఆ తిరగలి మీదే బియ్యం విసురుతారు. విసురుతూ పాట పాడతారు. ఏరు దాటి తామరవలసలోకి అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఒక్కో ఇల్లూ వరసగా పాటలో వస్తుంది. ఎవరి ఇంటి పేరు వస్తే ఆ ఇంటి కోడలు పిడి అందుకుని తిప్పాలి. ఆ ఇంటివాళ్లు ఇక్కడ లేకపోతే పాట ఎత్తే ముసలామె పోలమ్మే వాళ్ల తరఫున తిప్పుతుంది. ఆ పిండితో చేసిన చలిమిడి అమ్మవారికి పెట్టాకే, ఊరేగింపుకి మొదటి ఘటం హైమవతి ఇంట్లోంచి లేస్తుంది. దాని వెనక మిగతా ఘటాలు.

పాట మొత్తం వచ్చిన మనిషి ఇప్పుడు పోలమ్మ ఒక్కతే. తామరవలసలో ఎవరికీ రాదు. అక్కడ అందరూ మిల్లులో ఆడించుకుంటున్నారు. హైమవతి చిన్నాన్న కూతురింట్లో తిరగలి రాయి కుళాయి కింద పడి ఉంటే దాని మీద బట్టలు ఉతుకుతున్నారు.

తామరవలస వారసత్వ కమిటీ అని ఒకటి పెట్టి, హాల్లో ఒక గది తీసుకుని, ఊరి వస్తువులు చూపిస్తామని కమిటీ ప్రెసిడెంటు అమర్‌నాథ్ వచ్చి అడిగితే హైమవతి తిరగలి ఇచ్చింది. విసురుడు రోజుకి ఇల్లు చేర్చాలని చెప్పి మరీ ఇచ్చింది. ఆ విసురుడు ఎల్లుండే. ఆదివారం ఘటాలు. ఆ రోజు పొద్దున్నే గదికి రిబ్బను కోయడం.

మధ్యాహ్నం హైమవతి పోలమ్మను చెయ్యి పట్టుకుని హాలుకి నడిపించుకు వెళ్లింది. జగ్గారావు చిన్న బ్రష్షు జేబులో పెట్టుకుని వెనకాలే వచ్చాడు, అంచులు దిద్దాలంటూ.

గదిలో థర్మోకోల్ ఎడ్లబండి ఉంది. దాని పక్కన బట్టల దుకాణం బొమ్మకి నైలాన్ చీర చుట్టి, చంకలో ప్లాస్టిక్ బిందె ఇరికించారు. పల్లెటూరి ఆడది అట. గులాబి రంగు మొహం, పెదాలకి లిప్‌స్టిక్, మెడ దగ్గర ఇంకా దుకాణం చీటీ. గోడ నిండా ఫ్లెక్సీ. అందులో అమ్మవారు అరచేయంత, అమర్‌నాథ్ నిలువెత్తు. మూలన రాత్రి తిన్న బిర్యానీ పొట్లాల మీద ఈగలు. మధ్యలో ఎర్రగుడ్డ కప్పిన బల్ల మీద, గాజు పెట్టెలో తిరగలి. ఒళ్లంతా వెండి, అంచులు ఎరుపు, పిడికి వార్నిషు. కొత్త స్టీలు సామాన్ల షాపులో పెట్టినట్టు మెరుస్తోంది.

"రండి వదినా," అన్నాడు అమర్‌నాథ్. తాల్‌బగీచాలో మేడ కట్టుకున్న మనిషి, మెడలో బంగారు గొలుసు. "పోలమ్మత్తను కూడా తెచ్చినారా? బాగుంది. మా జగ్గారావన్న పనితనం సూసినావా అత్తా?"

"ఏదీ మన తిరగలి?" అంది పోలమ్మ.

"అదే అత్తా."

ఆమె వంగి చూసింది. హైమవతి గాజు మూత తీసి పక్కన పెట్టింది. పోలమ్మ పిడి మీద చెయ్యి వేసి, అలవాటుగా కళ్లు మూసుకుంది.

"ఏరు దాటి వస్తే ఎవరిల్లు తల్లీ
సింత నీడన ఉన్న సూరపోళ్ల ఇల్లు
సూరపోళ్లింటెనక ఎవరిల్లు తల్లీ..."

చెయ్యి కదలలేదు. రంగు ఆరి పైరాయి కిందిరాయికి అతుక్కుపోయింది. రెండు చేతులతో తోసింది. బల్ల కిర్రుమంది తప్ప రాయి కదలలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. సూరపోళ్లింటి దగ్గరే ఆగింది.

"ఇది తిరగదే కోడలా," అంది హైమవతితో. "సెయ్యి తిరగందే నోరు తిరగదు నాకు."

"నీకా కష్టం ఒద్దనే కదా అత్తా," అన్నాడు అమర్‌నాథ్. "ఆవేళ కుర్సీలో కూకోబెట్టి మైకిస్తే నువ్వు పాడలేకపోయినావు. ఠీక్ హై అని స్టూడియోలో పాడించేసినాం."

ఫోను నొక్కాడు. మూలనున్న స్పీకరులోంచి కీబోర్డు, డప్పుల మోత, దాని మీద ఎవరో అమ్మాయి గొంతు.

"తొలి ఇల్లు తొలి ఇల్లు అమర్‌నాథు గారిల్లు
మలి ఇల్లు మలి ఇల్లు జగ్గారావు గారిల్లు..."

హైమవతి భర్త వైపు చూసింది. తన పేరు రాకముందే ఆయన మొహంలో చిన్న వెలుగు వచ్చింది. భార్య చూస్తోందని తెలిసి ఆరిపోయింది. ఈ పాట ఆయన ముందే విన్నాడు. ఎన్నిసార్లు విన్నాడో.

"మరి సూరపోళ్లేరి?" అని అడిగింది పోలమ్మ.

"ఆళ్లెవులూ ఇక్కడ లేరు కదత్తా. కమిటీలో మెంబర్లయినోళ్ల పేర్లే పెట్టినాం. లేకపోతే సానా పొడుగైపోద్ది."

"ఊరు పొడుగే బాబూ," అంది పోలమ్మ.

అమర్‌నాథ్ నవ్వి, సందేశ్ మిఠాయి పెట్టె తెరిచి చాపాడు. హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోలమ్మను తీసుకుని బయటికి వచ్చేసింది. పక్క సందులో "శిల్ కాటావ్" అని కేక వినబడుతోంది. వీధుల వెంట తిరిగి రుబ్బురాళ్లకీ సన్నికళ్లకీ ఉలితో గంట్లు పెట్టి కక్కు కొట్టే మనిషి. హైమవతి అతన్ని ఆపి, దాదా అని పిలిచి, బెంగాలీలో చాలాసేపు మాట్లాడింది. జగ్గారావు దూరంగా నిలబడి బ్రష్షుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

సాయంత్రం కొడుకు సాయికుమార్ నిమ్‌పురా రైల్వే యార్డు నుంచి వచ్చి స్నానం చేసేసరికి సంగతి వీధంతా తెలిసిపోయింది. భోజనాల దగ్గర అతనే మొదలెట్టాడు.

"ఎందుకమ్మా గొడవ? బియ్యం ఇచ్చేయ్, మిల్లులో ఆడించి తెస్తాను. ఎవులికి తెలుస్తాది?"

"మా మిక్సీ ఉంది కదత్తా," అంది రాధారాణి. "కొత్త జారు, ఇంకా మసాలా కూడా ఎయ్యలేదు."

"అదే నానూ అంటన్నాను," అన్నాడు జగ్గారావు. "పిండి పిండే. అమ్మోరు వచ్చి ఏ రాయని అడుగుద్దా?"

హైమవతి ముగ్గురికీ అన్నం పెట్టింది. పప్పు వేసింది. తన వేళ్ల వాసన తనకే కొట్టి గరిటె ఎడమ చేతిలోకి మార్చుకుంది.

"పాటలో నీ ఇల్లు ఎన్నోది బావా?" అని అడిగింది.

"ఏ పాట?"

"పోలమ్మత్తది. నీ అమ్మ పాడినది."

జగ్గారావు ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "మన బమ్మిడోళ్ల ఇల్లు... బావి దాటినాక కదా. కాదు, గేదెలోళ్ల తరవాత." కొడుకు వైపు చూశాడు. సాయికుమార్‌కి అసలు తెలీదు.

"నాకూ సరిగ్గా తెల్దు," అంది హైమవతి. "రాయి తిరుగుతుంటే నా వంతు వచ్చినప్పుడు సెయ్యి సాపుతాను, అంతే. ఆ స్టూడియో పాటలో మొదటి ఇల్లు అమర్‌నాథుదేటి? ఆళ్ల తాత మన ఊళ్లో ఇల్లే కట్టలేదు. సంతకొచ్చి పోయేవోడు."

"పెద్దోళ్లు ఏదో సరదా పడినారు," అన్నాడు జగ్గారావు కంచంలోకి చూస్తూ.

"నువ్వూ పడినావు."

రాధారాణి మజ్జిగ గ్లాసు మామగారి ముందుకి జరిపింది.

హైమవతి పీట లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. రేపటి కూరగాయల సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"సాయీ, పొద్దున్న డ్యూటీకి ముందు సేతిబండి తీసుకుని నాతో రా. తిరగలి ఇంటికి తెచ్చేద్దాం. శిల్ కాటావ్ దాదాకి సెప్పినాను. రెండు రాళ్ల సందులో ఉలి పెట్టి ఇడదీస్తాడు, రంగంతా సెక్కేసి మళ్లీ కక్కు కొడతాడు. పగిలితే తన పూచీ లేదన్నాడు. పగిలితే పగుల్తాది."

"మరి ఆ గాజు పెట్టె?" అన్నాడు జగ్గారావు. "ఆదివారం ఆఫీసర్లొస్తారు హైమా. ఖాళీ పెట్టె సూపిస్తారా?"

"నీ బ్రష్షు పెట్టుకో అందులో."

సాయికుమార్ తల వంచుకుని అన్నం కలిపాడు. రాధారాణి ఈసారి నవ్వలేదు.

"ఎల్లుండి మొదటి వాయి పిండి కాలవలో పారేస్తాను, రెండోది కూడా," అంది హైమవతి. "వాసన పోయిందాక ఇసురుతూనే ఉంటాం. రాధా, నువ్వు నా పక్కన కూకుని పోలమ్మత్త ఎనకాల పాడు. సూరపోళ్ల ఇంటి కాడ మొదలైన పాట ఆఖరిల్లు దాకా వచ్చినాకే ఈ ఇంట్లోంచి ఘటం లేస్తాది. ఆదివారానికి అయితే ఆదివారం. రాయి పగిలిపోయి, పాట రాకపోతే, ఈ ఏడు మన ఇంటి నుంచి ఘటం లేదు."