చదివే వేళకు దాహం

నరసింగరావు మాస్టారి భయం చూడాలంటే శనివారం నాలుగింటికి పొందూరు పక్కనున్న ఆయన బడికి రావాలి. గంట కొట్టగానే చాపలు పరిపిస్తాడు, టీ పెట్టిస్తాడు, బజ్జీలు తెప్పిస్తాడు. ఈ బడివాళ్ళతో కలిపి చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఆరుగురు, బోధన నేర్చుకోవడానికొచ్చిన నలుగురు ఛాత్రోపాధ్యాయులు గుండ్రంగా కూర్చుంటారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. ఒక కథ తీసుకుని మనిషికో పేజీ పైకి చదవడం, సరదాగా మాట్లాడుకోవడం, అంతే. సీనియరని హెడ్మాస్టరు నారాయణమ్మగారు ఈ బాధ్యత ఆయన నెత్తిన పెట్టారు. ఆ మహాతల్లికేం తెలుసు పాపం!

మాస్టారికి పైకి చదవడం రాదు. లోపల్లోపల నెమ్మదిగా కూడబలుక్కుంటే వస్తుంది. పదిమంది ముందు నోరు తెరిస్తే మాత్రం అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. లెక్కలు ఆయన్ని గట్టెక్కించాయి, ఉద్యోగం తెచ్చిపెట్టాయి. క్లాసులో పాఠం పిల్లలు చదువుతారు, ఆయన వింటాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఈ గుట్టు ఇంట్లో భార్యకు కూడా తెలియదు.

మరి ఈ బృందంలో ఎనిమిది వారాలు ఎలా నెగ్గుకొచ్చాడంటారా? లెక్కల బుర్ర కదా! తనతో కలిపి ఉన్నది పదిమంది. తను చివర కూర్చుంటాడు. ఎప్పుడూ తొమ్మిది పేజీల కథే ఎంచుతాడు. "మాస్టారి ఎంపికే ఎంపిక!" అని అందరూ మెచ్చుకుంటుంటే ఆయనకు చెమటలు పట్టేవి.

తొమ్మిదో శనివారం ఆయన క్లాసులోనే పాఠాలు చెప్పడం నేర్చుకుంటున్న తులసి ఒక స్టీలు డబ్బా తెచ్చింది.

"పేర్లు సీటీల మీద రాసీసినాను మాస్టారూ. ఎవరి పేరొస్తే ఆలే సదవాల. పిల్లలకైతే ఈ ఆట శానా ఇష్టం."

మొదటి చీటీ నారాయణమ్మగారిది. ఆవిడ చదువుతున్నంతసేపూ ఆయనకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. తులసి రెండో చీటీ విప్పింది.

"నరసింగరావు మాస్టారు!"

"ఉండమ్మా, దాహమేస్తన్నాది," అని వరండాలోకి పరుగులాంటి నడకతో పోయాడు. కుండ దగ్గర గ్లాసు పట్టుకుంటే నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. ఎదురుగా బండి ఉంది, తాళం జేబులో ఉంది. పారిపోతే? ఇవాళ పారిపోతే వచ్చే శనివారం ఇంకో చీటీ. చదివితే చదవడం రాని పంతులని చీకటి పడేలోగా మండలమంతా ఫోన్లలో తిరుగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, రేఖ. మూడో తరగతి పిల్ల. తన వంతు రాగానే మంచినీళ్ళకంటుంది. నిన్ననే క్లాసంతా నవ్వేలా అన్నాడు: "ఏటే, పుస్తకం తీస్తే సాలు, నీకు దాహమేస్తాదా? కూకో, సదువు!" ఆ పిల్లకు దాహం లేదని ఆయనకు తెలియదూ? ఈ లోకంలో ఇంకెవరికీ తెలియనంతగా తెలుసు. తెలిసే అన్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

గ్లాసు బోర్లించి లోపలికొచ్చి కూర్చున్నాడు. పుస్తకం తెరిచి మొదటి మాట కింద వేలు పెట్టాడు.

"వరదలో... ప... పడవ... కొ... కొట్టు..."

కుర్ర టీచరు త్రినాథ్ జాలిపడ్డాడు. "కళ్ళజోడు మర్సిపోనారేటి మాస్టారూ? ఇలాగివ్వండి, నేను సదివేస్తాను."

ఎంత చక్కటి దారి! అవునంటే చాలు, బతుకంతా దాచుకోవచ్చు. మాస్టారు పుస్తకం ఇవ్వలేదు.

"కళ్ళజోడు కాదు త్రినాథూ. నాకు సదవడం ఇంతే వస్తాది."

అని మళ్ళీ వేలు పెట్టి చదివాడు. ఆ ఒక్క పేజీకి పావుగంట పట్టింది. టీ చల్లారిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆయన్ని మరీ భయపెట్టింది. ఆదివారమంతా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు.

సోమవారం తెలుగు పీరియడ్. వంతు రాగానే రేఖ లేచింది. "మాస్టారూ, మంచినీళ్ళకి..."

పిల్లలు నవ్వడానికి సిద్ధమయ్యారు. వెనక బెంచీలో తులసి తలెత్తింది.

"పదే, నేనూ వస్తాను. నాకూ దాహమేస్తన్నాది," అన్నాడు మాస్టారు, పుస్తకం చంకలో పెట్టుకుని.

ఇద్దరూ నీళ్ళు తాగారు. వరండా మెట్టు మీద కూర్చున్నారు. దెబ్బ పడుతుందేమోనని రేఖ దూరంగా ఒదిగింది.

"ముందు నేను సదువుతాను. తప్పులొస్తాయి, నవ్వకు."

పుస్తకం తెరిచాడు. మూడో తరగతి పాఠం! అయినా రెండో మాట దగ్గరే ఆగిపోయాడు.

రేఖ ఆయన ముఖంలోకి చూసింది. మెల్లగా పక్కకు జరిగి, ఆయన వేలి పక్కన తన వేలు పెట్టింది.

"తొందరేటి నేదు మాస్టారూ," అంది.