దుప్పట్లక్క చూసిన సముద్రం

మార్చి పదకొండో తేదీ సూపర్‌వైజర్‌కి బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ క్యాంటీన్‌లో ముందురోజు విందులో మిగిలిన కేకు పెట్టారు. కేకు తింటుండగానే కళ్లజోడు సంగతి చెప్పారు. హోటల్ పనివాళ్ల ఒత్తిడి తగ్గించడానికట. తలకు తగిలించుకుంటే చుట్టూ సముద్రం. పది నిమిషాలు చూడాలి. వేలికి పెట్టిన క్లిప్పు గుండె వేగం కొలిచి పై ఆఫీసుకి పంపుతుంది. మూడు వారాల్లో వేగం తగ్గనివాళ్లను గదుల పనినుంచి తీసి కింద లాండ్రీలో వేస్తారు.

దుప్పట్లక్కకి తప్ప అందరికీ తగ్గింది. ముడత లేకుండా పక్క పరచడంలో సాటి లేదని ఆమెకా పేరు. ఆయాసం మనిషి, లాండ్రీలో వేస్తే ఆ ఆవిరికి గంట కూడా నిలవలేదు.

ఆఖరి రోజు సాయంత్రం డ్యూటీ దిగి సూపర్‌వైజర్ గదికి వచ్చి, కళ్లజోడు తగిలించుకుని కుర్చీలో కూర్చుంది. నిమిషం తిరక్కుండానే ఆమె చేతులు గాల్లో ఏదో లాగడం మొదలుపెట్టాయి.

"ఏం చేస్తున్నావక్కా? సముద్రం చూడమన్నాంగా."

"చూస్తున్నా సార్. ఒడ్డున గదుంది. మంచం మీద దుప్పటి ఎవరో తొక్కేసిపోయారు."

"అది బొమ్మక్కా. దాంట్లోకి గెస్టు రాడు."

"రాడని మీరంటారు. వస్తే చివాట్లు నాకేగా."

"పోనీ, అటు తిరిగి కూర్చో."

"తిరిగా సార్. వీపు వెనకుందని తెలుస్తూనే ఉంది."

తెరమీద ఆమె గుండె వేగం అంకె తొంభై ఎనిమిది. వేరే బొమ్మ పంపమని అతను పై ఆఫీసుకి ఇదివరకే రెండుసార్లు రాశాడు. ఉన్నది అదొక్కటేనన్నారు.

తలుపువైపు ఒకసారి చూసి, ఆమె వేలి క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకున్నాడు. అంకె కాసేపు తడబడి నూటనాలుగు దగ్గర ఆగింది.

ఆమె కళ్లజోడు పైకెత్తి చూసింది. "మీది నాకంటే ఎక్కువే సార్. మిమ్మల్నెక్కడ వేస్తారో."

"నాకు పరీక్ష లేదక్కా."

ఈలోగా పది నిమిషాలూ అయిపోయాయి. ఆమె పేరు మీద అతని గుండె వేగం వెళ్లిపోయింది. వెనక్కి తీసుకునే మీట కోసం వెతికాడు, లేదు.

"రేపట్నుంచి కిందకేగా?"

"మళ్లీ రాస్తానక్కా."

రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమె తల ఊపింది. "బస్సుకింకా అరగంటుంది. ఇక్కడే కూర్చోనా సార్? కుర్చీ మెత్తగా ఉంది."

"కూర్చో. వేళకి లేపుతాలే."

కళ్లజోడు తీసేసిన రెండు నిమిషాలకే నిద్రపోయింది. చేతులు ఒళ్లో ఊరికే పడున్నాయి. ఇప్పుడు క్లిప్పు పెడితే ఎంత చూపిస్తుందో. యంత్రం ఆ రాత్రికి ఆగిపోయింది. అతను దీపం తగ్గించి బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.