పీటముడి

లాండ్రీ వెనక ఇస్త్రీ గదిలో పెద్దకోడలు జెండాను బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో నిమిరింది. హోటళ్ళ దుప్పట్లు ఆమె మడత పెడితే అంచుకి అంచు అతికించినట్టుంటుంది. అందుకే ఈ పరాయి దేశం వచ్చినప్పటినుంచీ మనవాళ్ళ జెండా పండగకి జెండా కట్టే పని ఆమెదే. ఇక్కడ ఆ రోజు సెలవేమీ కాదు. అందరూ పొద్దున్నే లాండ్రీ పెరట్లో చేరి, జెండా ఎగరేసి, మిఠాయి నోట్లో వేసుకుని పనుల్లోకి పరిగెత్తుతారు.

మడతల్లో పూలరేకులు పోసి, పైన జారుముడి వేయాలి. కింద తాడు లాగగానే ముడి జారాలి, రేకులు రాలాలి, జెండా విచ్చుకోవాలి. చిన్నప్పుడు బడిలో మాస్టారు నేర్పిన విద్య. కట్టడం ఆమె వంతు. లాగడం మాత్రం ఏటా బస్సు నడిపే పెద్దాయన వంతు.

ఈసారి ఆయన, "నాకు భుజం లేవట్లేదు. ఎవరైనా ఆడపిల్ల లాగితే బాగుంటుంది" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డరోజే ఆమె పెట్టె అడుగునున్న పట్టుచీర తీసి ఇస్త్రీ చేసుకుంది. తీరా చూస్తే ఆయన పిలిచింది ఆమె తోడికోడల్ని.

"చలాకీ పిల్ల. ఓనరమ్మని ఒప్పించి మైకు కూడా పెట్టించింది" అన్నాడు.

నిన్నగాక మొన్న వచ్చింది. వస్తూనే లాండ్రీ ముందు కౌంటర్లో కుర్చీ దొరికింది. తనకేమో ఇన్నేళ్ళుగా వెనకగది, ఆవిరి. ఏకై వచ్చి మేకై కూర్చుందని పెద్దకోడలు పళ్ళు నూరుకుంది.

"మీ తమ్ముడి పెళ్ళానికి నవ్వడం తప్ప ఏం వచ్చండీ?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. అయినా అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరే?"

"అవున్లెండి. నా భుజాలు అందుకే పుట్టాయి."

హోటల్ నుంచి తెచ్చిన వాడిన గులాబీల రేకులు ఒలిచి పోసింది. మడత వేసింది. జారుముడి వేయబోయిన చెయ్యి ఆగింది. మైకు ముందు ఆ నవ్వు మొహం మాడిపోవడం కళ్ళ ముందు మెదిలింది. తాడు చుట్టి, దూర్చి, పీటముడి బిగించింది.

పొద్దున పెరట్లో అందరూ వరసగా నిలబడ్డారు. మూట కర్ర చివరికెక్కింది. తోడికోడలు మైకు పట్టుకుంది.

"ఏటా ఈ జెండా కట్టేది మా అక్క. ఇవాళ లాగేది కూడా మా అక్కే. రా అక్కా!"

"నువ్వే లాగమ్మాయ్" అంది పెద్దకోడలు వెనక్కి జరుగుతూ.

"బాగుంది. పట్టుచీర నువ్వు కట్టుకుని తాడు నేను లాగనా?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురుచూసిన తాడు చేతికొచ్చింది. లాగింది. మూట కదల్లేదు. మళ్ళీ లాగింది. కర్ర ఊగింది గానీ రేకొక్కటి రాలలేదు.

"ఏమ్మా, బండి స్టార్టవట్లేదా?" అన్నాడు పెద్దాయన. వరసల్లో కిసుక్కున నవ్వులు. ఆమె మొహం ఇస్త్రీపెట్టెలా కాలింది.

తోడికోడలు గబగబా వచ్చి మూటను కిందికి దించింది. ముడిని చూసింది. ఆమె వంక ఒక్క చూపు చూసింది. మైకు లేకపోయినా అందరికీ వినపడేలా, "మంచుకి తాడు బిగుసుకుపోయిందండీ, అంతే" అంది. ముడిని పంటితో పట్టి ఒక్క గుంజు గుంజింది.

జెండా తోడికోడలి చేతుల్లోనే విచ్చుకుంది. రేకులన్నీ ఆమె నెత్తిన రాలాయి. పెరడంతా ఈలలు, చప్పట్లు.

"ఇప్పుడు లాగక్కా" అంటూ తాడు మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది.

పెద్దకోడలు లాగింది. జెండా పైకెళ్ళింది. అందరూ తలెత్తి దాన్ని చూస్తున్నారు. ఆమె ఒక్కతే పక్కనున్న తోడికోడలి వంక చూసింది. హోటల్లో వాడిపోయిన రేకులు కూడా దీని జుట్టులో పడితే ఎంత బాగున్నాయో అనుకుంది. కడుపులో మంట మళ్ళీ మొదటికొచ్చింది.