కెన్యా చెరువులో పాలమూరు దిబ్బలు

తల మీద ఏదో ఒక అప్పు లేకపోతే పెద్దమందడి ఈరన్నకు నిద్ర పట్టదు. మట్టిపని మేస్త్రీగా మొదలై, మస్కట్‌లో రెండు తవ్వే యంత్రాలు కొన్నాడు. వాటిని అమ్మి కెన్యాలో నాలుగు కొన్నాడు. ఆ నాలుగూ తాకట్టు పెట్టి, వంజికు అనే ఆమె పూలతోటలో చెరువు తవ్వాడు. పని సరిగా ఉందని ఆమె ఒప్పుకోకపోతే డబ్బు రాదు, యంత్రాలు పోతాయి. నేను అక్కడికి పోలేదు. అయినా పోయొచ్చినవాళ్లకంటే బాగా చెప్తాను.

మన పాలమూరోళ్లు మట్టి తవ్వేటప్పుడు అక్కడక్కడా నేలను ముట్టుకోకుండా, గడ్డితో సహా దిబ్బలుగా వదులుతారు. దిబ్బ నెత్తి పాత నేల మట్టమే కాబట్టి, ఎంత లోతు తవ్వారో చెప్పే సాక్షులు అవే. కొలత అయ్యాకే తీస్తారు. ఈరన్న కెన్యాలోనూ అట్లాగే వదిలాడు. వంజికు చూసి, పని సగంలో ఉందనీ, దిబ్బలు తీసేస్తేనే కొలతకు వస్తాననీ చెప్పి వెళ్లిపోయింది.

"తీసెయ్యరాదయ్యా! మట్టి దిబ్బల కోసం మిషన్లు పోగొడ్తవా?" అంది భార్య అమృతమ్మ.

"మా అమ్మ తట్ట మోసిన కాడ గుత్తేదారు గిట్లనే ముందుగాల తీపిచ్చిండు. మూడు మూరలు తవ్వితే రెండేనన్నడు. కొలవంది ముట్టనియ్య."

"అయితే పోయి దానిమీదనే కూసో, కొంగ లెక్క!"

"కూసుంట."

అంతలో వాన దిగింది. ఎంత వానంటే, జిరాఫీలు మెడదాకా మునిగి దారినపోయేవాళ్లను గొడుగు అడిగాయట. చెరువు నిండింది. తవ్విన మట్టితో గట్లు పెరిగాయి కదా, పాత నేల ఎక్కడుండేదో, దానికింద ఎంత తవ్వారో ఎవరు చెప్పాలి?

"ఇగ అయిపాయె," అని అమృతమ్మ నెత్తి కొట్టుకుంది.

ఈరన్న చెరువువైపు చూపించాడు. నీళ్లపైన దిబ్బల నెత్తిన గడ్డి పచ్చగా ఊగుతోంది. వంజికును పిలిపించి, పడవలో తీసుకెళ్లి ఆ గడ్డి మీదే కూర్చోబెట్టాడు. తాడుకు రాయి కట్టి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె వదిలింది. లోతు ఒప్పుకున్నదానికంటే జానెడు ఎక్కువే ఉంది. ఆమె నవ్వి, తర్వాత పెట్టబోయే తోటలో డబ్బు పెట్టి భాగస్వామిగా చేరతావా అని అడిగింది.

యంత్రాలు విడిపించిన రోజే ఈరన్న ఆ భాగం కోసం వాటిని మళ్లీ తాకట్టు పెట్టాడు.

"ఈసారి దిబ్బ జర వెడల్పు ఉంచు," అంది అమృతమ్మ. "ఇద్దరం కూసోవాలె."