మోచేతి దగ్గర వదిలేసిన పట్టు

నరసరావుపేటలో కిరాణా కొట్టు నడిపే బాలకోటయ్య భార్య కనకలక్ష్మికి కుంగ్‌ఫూ అంటే సినిమాల్లో ఎగిరి తన్నడమనే తెలుసు. అలాంటిది ఇంటర్ చదివే కూతురు అపర్ణ ఓ సాయంత్రం డాబా మీదికి తీసుకెళ్లి, "నాతో ప్రాక్టీస్ చెయ్యమ్మా. కుంగ్‌ఫూ క్లాసులో నా జోడీ అబిదా రావట్లేదు," అంది.

"నేనా? నీకేమన్నా పిచ్చా ఏందే?"

"తన్నుకోవడం కాదులే. నా చేతికి నీ చెయ్యి ఆనించు. నేను తోస్తే ఎదురు తొయ్యొద్దు. అది ఎటు పోతందో చూసుకుని, పక్కకి తిప్పు, చాలు."

చెప్పినంత తేలిక కాలేదు. ఏళ్ల తరబడి బస్తాలు జరిపిన చేతులు కాస్త తోయగానే కర్రల్లా బిగుసుకునేవి. ఆ బిగువే ఆసరా చేసుకుని అపర్ణ ఆమెను వెనక్కి నడిపించేసేది. ఎండబోసిన మిరపకాయల మీద ఒకసారి కూలబడింది కూడా. దాంతో పట్టుదల వచ్చింది. పోనుపోను చేతులు మెత్తబడ్డాయి. కళ్లు మూసుకున్నా కూతురు ఎటు తోయబోతోందో మణికట్టు దగ్గరే తెలిసిపోయేది.

అలా ఇంకోటీ తెలిసింది. తన మోచేతి దాకా రాగానే అపర్ణ చేయి ప్రాణం లేనట్టు జారిపోతోంది.

"ఇక్కడికి రాగానే వదిలేస్తన్నావేందే?"

"ఏం లేదు."

ఇదివరకైతే కనకలక్ష్మి గద్దించేది, పిల్ల వెళ్లి తలుపేసుకునేది. ఈసారి మళ్లీ అడగలేదు. చేయీ తీయలేదు. మెల్లగా తిప్పుతూనే ఉంది. అపర్ణే నోరు విప్పింది.

"అబిదా చెయ్యి విరిగింది నా వల్లేనమ్మా. ప్రాక్టీసులో అది నన్ను తేలిగ్గా పక్కకి తిప్పేసింది. ఉక్రోషంతో మోచెయ్యి పట్టుకుని గట్టిగా మెలేశా. మళ్లీ దాని మొహం చూళ్లేదు."

కనకలక్ష్మికి కోపం గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"పద, పోయొద్దాం."

అబిదా ఇంటి గుమ్మం చూడగానే అపర్ణ గిరుక్కున వెనక్కి తిరిగింది. తల్లి లాగలేదు. తనూ తిరిగి, పక్కనే నడుస్తూ, వీధి చివరిదాకా వెళ్లింది. అక్కణ్నుంచి సందు చుట్టి, మళ్లీ అదే గుమ్మం ముందుకి తీసుకొచ్చింది. ఈసారి అపర్ణే తలుపు కొట్టింది.

తలుపు తీసిన అబిదా కుడిచేతికి కట్టు ఉంది. కూతురి తరఫున మాట్లాడబోయి కనకలక్ష్మి ఆగిపోయింది.

"సారీ," అంది అపర్ణ, నేల చూస్తూ.

"దెబ్బ తగిలినందుక్కాదే నాకు కోపం. ఒక్క ఫోనన్నా చేశావా? నేనేం అనుకోవాల?" అబిదా కళ్లలో నీళ్లు తిరిగాయి. అపర్ణ అక్కడే నిలబడి ఏడ్చింది.

లోపలికి రమ్మనడానికి అబిదాకి కాసేపు పట్టింది. రమ్మన్నాక, చిక్కులు పడిన జుట్టు చూపించి దువ్వెన చేతికిచ్చింది.

"మా అమ్మీ దువ్వుతుంటే ప్రాణం పోతంది. నువ్వు దువ్వు."

అపర్ణ ఆమె వెనక కూర్చుని, దువ్వెన పక్కన పెట్టి, వేళ్లతో ఒక్కో చిక్కూ విడదీయసాగింది.